పన్నెండేళ్ళ షెల్టర్ పిల్లిని తెచ్చుకోవచ్చా? మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి

లావణ్య_ప్లేనో · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా పాపకి తొమ్మిదేళ్ళు. పిల్లిపిల్ల కావాలని ఎప్పటినుంచో ప్రాణం తీస్తోంది. ఇవాళ మా సిటీ షెల్టర్‌కి వెళ్ళాం. కూనల గది ముందు జనం లైను కట్టారు. పక్కనే పెద్ద పిల్లుల గదిలో మాత్రం ఎవరూ లేరు. పాప అందులోకి దూరి, ఒక పన్నెండేళ్ళ ఆడపిల్లి బోను ముందు కూర్చుంది. ఇక ఎంత పిలిచినా లేవదు.

పిల్లి పేరు పీచెస్. బూడిదరంగు చారలు. ఆపరేషన్ అయిపోయింది. పెంచుకున్న పెద్దావిడ వృద్ధాశ్రమానికి మారితే ఆవిడ కొడుకు తెచ్చి అప్పగించాడట. కార్డు మీద "బరువు 7.9 పౌండ్లు, కిడ్నీ జబ్బు తొలిదశ, పళ్ళు చూపించాలి" అని రాసుంది. ఫీజు లేదు, ఊరికే ఇస్తారట.

మా ఆయన మాట: "కూనని తెస్తే పదిహేనేళ్ళు ఉంటుంది. దీన్ని తెస్తే రెండేళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరగడం, ఆ తర్వాత పిల్లదాన్ని ఓదార్చడం." కాదని గట్టిగా అనలేకపోతున్నాను.

మా సంగతులు కూడా చెప్తాను. అద్దె అపార్ట్‌మెంట్. ఇద్దరం హెచ్1బీ. ఇంట్లో గుడ్డు కూడా వండం. రెండేళ్ళకోసారి వేసవిలో ఇండియా వెళ్తాం. అక్టోబర్‌లో అత్తగారు వచ్చి ఆరు నెలలుంటారు, ఆవిడకి పిల్లి ఎదురొస్తే బయటికెళ్ళే పని వాయిదా. ఎవరైనా ముసలి పిల్లిని తెచ్చుకున్నవాళ్ళుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

గోదారోడు · శనివారం రాత్రి 11:05

అక్కా, పిల్లి సంగతి తర్వాత, ముందు లీజు తీసి చదవండి. మా కాంప్లెక్స్‌లో పెట్ డిపాజిట్ మూడొందలు, నెలనెలా పెట్ రెంట్ ముప్పై. పిల్లి ఊరికే వచ్చింది గానీ దాని గదికి మాత్రం అద్దె కడుతున్నాం, ఆయ్.

అత్తగారి గురించి బెంగ వద్దు. మా అమ్మ కూడా "చీ, పిల్లేంట్రా ఇంట్లో" అని దిగింది. మూడో వారానికల్లా వీడియో కాల్‌లో అమలాపురం అంతటికీ దాన్ని చూపించింది.

రవి_ఇర్వింగ్ · శనివారం రాత్రి 11:31

నేను కొంచెం చేదుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే మన చేతిలో 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి, కారు అమ్మాలి, పిల్ల బడి చూడాలి. అప్పుడు జబ్బు పిల్లిని ఎవరు తీసుకుంటారు? మళ్ళీ అదే షెల్టర్, అదే బోను, ఈసారి 14 ఏళ్ళ వయసులో. మా ఫ్లోర్‌లో ఒకాయన లేఆఫ్ అయినప్పుడు కళ్ళారా చూశాను. ఆ కుక్క కోసం ఆయన పడ్డ బాధ వీసా కోసం కూడా పడలేదు.

గ్రీన్ కార్డు వచ్చేదాకా ఏ జంతువూ వద్దు. ఇది నా అభిప్రాయం.

సుబ్బలక్ష్మి_ఎడిసన్ · ఆదివారం ఉదయం 7:12

రవీ, గ్రీన్ కార్డు వచ్చేదాకా అంటే ఆ పాపకి పెళ్ళీడు వచ్చేస్తుంది నాయనా.

లావణ్యా, నాకు 67. మావారు పోయాక ఇంట్లో అలికిడి లేక షెల్టర్‌కి వెళ్ళాను. 60 దాటిన వాళ్ళకి పెద్ద పిల్లుల్ని ఫీజు లేకుండానో సగం ఫీజుకో ఇచ్చే పద్ధతి ఇక్కడ చాలా షెల్టర్లలో ఉంది. నా వయసులో కూనని తెచ్చుకుంటే నా తర్వాత అది ఏమవుతుందోనని దిగులు. అందుకే పదకొండేళ్ళ మగపిల్లిని తెచ్చాను. ఇప్పటికీ ఉన్నాడు. కిడ్నీ జబ్బే.

వాడికి వారానికి మూడుసార్లు ఇంట్లోనే సెలైన్ ఎక్కిస్తాను. భయపడకు, నరానికి కాదు, చర్మం కిందకి. రింగర్స్ లాక్టేట్ సంచిని గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచి కర్టెన్ రాడ్డుకి తగిలిస్తాను. వాణ్ణి ఇస్త్రీ బల్ల మీద, తువ్వాలు పరిచి, నా పొట్టకి ఆనించి కూర్చోబెడతాను. భుజాల మధ్య వదులు చర్మాన్ని రెండు వేళ్ళతో పైకి లాగితే కింద గూడులా ఏర్పడుతుంది, సూది అందులోకి. నూరు మిల్లీలీటర్లు దిగడానికి ఐదారు నిమిషాలు. ఆ నీళ్ళు కాసేపు ఒక పక్క తిత్తిలా వేలాడి, ముంగాలు దాకా జారి, సాయంత్రానికి ఇంకిపోతాయి. మొదటిసారి నా చేతులు వణికాయి. ఇప్పుడు ఒక చేత్తో సంచి పట్టుకుని రెండో చేత్తో ఫోన్ ఎత్తుతున్నాను.

పనిగా చూస్తే ఇది పెద్ద పని కాదు. కానీ తప్పకుండా గుర్తుంచుకుని చేసే మనిషి ఇంట్లో ఒకరుండాలి. మీ ఇంట్లో ఎవరు?

మాధవి_మెల్‌బోర్న్ · ఆదివారం ఉదయం 8:50

పిల్లలున్న ఇంటికి నేనైతే వద్దంటాను. పదమూడేళ్ళ పిల్లిని తెచ్చిన కొన్నాళ్ళకే దానికి షుగర్ అని తేలింది. పన్నెండు గంటలకోసారి ఇన్సులిన్. అంటే రాత్రి ఎనిమిదికి ఏ పెళ్ళిలో ఉన్నా, ఏ పుట్టినరోజులో ఉన్నా ఒకరు లేచి ఇంటికి రావాల్సిందే. ప్రేమ లేక కాదు, ప్రేమ ఉండబట్టే అలిసిపోయాం. దాన్ని ఒప్పుకునే ధైర్యం ఎవరికీ ఉండదు, "అయ్యో పాపం ముసలి పిల్లి" అని మిమ్మల్ని ముందుకు తోసేవాళ్ళే అందరూ.

ఇంకోటి. ఇప్పుడు ఇన్సూరెన్స్ తీసుకున్నా కార్డు మీద రాసున్న కిడ్నీ, పళ్ళు రెండూ ముందే ఉన్న జబ్బుల కిందికి వస్తాయి. పైసా రాదు.

పశువైద్యురాలు_గన్నవరం · ఆదివారం మధ్యాహ్నం 12:20

మాధవిగారి మాట కొట్టిపారేసేది కాదు. లావణ్యగారూ, వయసు చూసి నిర్ణయం తీసుకోవద్దు, జాలితోనూ వద్దు. రిపోర్టు చూసి తీసుకోండి. పన్నెండేళ్ళ పిల్లి అంటే మనిషి లెక్కలో సుమారు 64. అరవై నాలుగేళ్ళ మనుషుల్లో రోజూ నడకకి వెళ్ళేవాళ్ళుంటారు, డయాలిసిస్‌లో ఉన్నవాళ్ళూ ఉంటారు.

"కిడ్నీ తొలిదశ" అని కార్డు మీద రాస్తే ఏమీ తెలియదు. షెల్టర్‌ని ఇవి అడగండి: క్రియాటినిన్, ఎస్‌డీఎంఏ (రెండూ కిడ్నీ పనితనం చెప్పే రక్తపరీక్షలు), ఫాస్ఫరస్, మూత్రం గాఢత (స్పెసిఫిక్ గ్రావిటీ), మూత్రంలో ప్రోటీన్ నిష్పత్తి, బీపీ, థైరాయిడ్ టీ4, ఎఫ్ఐవీ-ఫెల్వ్ (పిల్లులకొచ్చే రెండు వైరస్‌లు) పరీక్ష. పాత యజమాని వెట్ దగ్గర ఫైలుంటే అది అన్నిటికంటే విలువైనది, ముఖ్యంగా గత రెండేళ్ళ బరువు. ఏడాది కిందట తొమ్మిదిన్నర పౌండ్లుండి ఇప్పుడు 7.9 అయితే అది వేరే కథ.

క్రియాటినిన్ పెరిగేసరికే కిడ్నీ పనితనంలో ముప్పాతిక వంతు దాకా పోయి ఉండొచ్చు. ఎస్‌డీఎంఏ అంతకంటే ముందే, సుమారు 40 శాతం తగ్గేసరికి పెరగడం మొదలవుతుంది. అందుకే రెండూ కావాలి. ఇక పదేళ్ళు దాటిన పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువవడం మామూలే. ఆకలి బాగా ఉంటుంది, బరువు తగ్గుతూ పోతుంది. ఇంట్లోవాళ్ళు "బాగా తింటోంది" అని సంతోషిస్తుంటారు. దానికి మందుంది. మింగకపోతే చెవి లోపల రాసే జెల్ కూడా ఉంది. రేడియో అయోడిన్‌తో పూర్తిగా నయం చేయొచ్చు గానీ ఖర్చు ఎక్కువ.

బీపీ చూడకుండా మాత్రం ఏదీ తేల్చొద్దు. 160 దాటితే కళ్ళు, గుండె, మెదడు, కిడ్నీ అన్నిటికీ ముప్పు. పొద్దున బాగానే ఉన్న పిల్లి సాయంత్రానికి గోడలకి గుద్దుకుంటుంటే చాలాసార్లు కారణం బీపీయే. రెటీనా ఊడిపోతుంది. రోజుకి చిన్న మాత్ర, ఆమ్లోడిపిన్, మన నాన్నలు వేసుకునేదే, అతి తక్కువ మోతాదులో. అలాగని నాన్న డబ్బాలోంచి తీసి వెయ్యకండి.

మార్జాలం_నల్లకుంట · ఆదివారం మధ్యాహ్నం 1:48

మీకు షెల్టర్ ఉంది, కార్డు ఉంది, రిపోర్టు ఉంది. అదృష్టవంతులు. మా దగ్గర ముసలి పిల్లి అంటే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అట్టపెట్టె. లాక్‌డౌన్‌ల పర్షియన్ పిల్లల్ని ముప్పై వేలకు కొన్నోళ్ళు, ఇప్పుడు బొచ్చు రాలుతుందని, వాసనొస్తుందని గేటు బయట వదిలేస్తున్నరు. ఆ బొచ్చు పిల్లులకు వీధిల బతుకుడు రాదు. చదునైన ముఖం, ఊపిరి ఆడదు, కండ్లల్ల నీళ్ళు. ఎనిమిదేండ్లు దాటినదాన్ని దత్తతకు పెడితే "చిన్నది లేదా అన్నా" అని అడుగుతరు.

లావణ్యక్క, నేను చెప్పేది ఒక్కటే. కూన ఎట్లుంటదో ఎవ్వరికీ తెల్వదు. సంవత్సరం తిరిగినంక అది గోక్కుంటదో, కరుస్తదో, అర్ధరాత్రి పర్దాలు ఎక్కుతదో లాటరీ. పెద్ద పిల్లి గుణం మీ కండ్ల ముంగట్నే ఉంటది. మీ పాప కూసున్నప్పుడు అది ఏం చేసింది? ముందుకొచ్చిందా, మూలకు పోయిందా?

లావణ్య_ప్లేనో · ఆదివారం మధ్యాహ్నం 2:15

ముందుకు రాలేదు, మూలకీ పోలేదు. ఉన్నచోటే కూర్చుని, కాళ్ళు లోపలికి ముడుచుకుని పాపనే చూసింది. కొంతసేపటికి కళ్ళు నెమ్మదిగా మూసి తెరిచింది. పాప కూడా అలాగే చేసింది. మళ్ళీ అది చేసింది.

సుబ్బలక్ష్మి పిన్నిగారూ, "మీ ఇంట్లో ఎవరు" అన్నారు కదా. నేనే. అందులో ఎవరికీ అనుమానం లేదు.

సుబ్బలక్ష్మి_ఎడిసన్ · ఆదివారం మధ్యాహ్నం 2:40

అనుమానం లేదని మీ ఆయనకి కూడా తెలుసా?

ప్లేనో_మొగుడు · ఆదివారం సాయంత్రం 4:03

తెలుసండి. లావణ్య భర్తని. ఈ చర్చలో విలన్‌ని నేనే కాబట్టి ఖాతా తెరిచాను.

నాకు పిల్లులంటే పగ లేదు. మా తెనాలి ఇంట్లో ధాన్యపు గదికి ఎప్పుడూ ఒక పిల్లి ఉండేది, ఎలకల కోసం. దాన్ని వెట్ దగ్గరికి తీసుకెళ్ళడం అనే మాటే మాకు తెలియదు. ఇక్కడ ఒక పిల్లికి పళ్ళు పీకడానికి వెయ్యి డాలర్లు అంటున్నారు. మా నాన్నకి కట్టుడు పళ్ళు పెట్టించడానికి అంత కాలేదు. ఇది తప్పా ఒప్పా అని అడగట్లేదు, నాకు మింగుడుపడట్లేదని చెప్తున్నాను.

రెండోది. చివర్లో వీళ్ళు ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెడతారు కదా. ఆ కాగితం మీద సంతకం పెట్టేది నేనే అవుతాను. పిల్లిని చంపితే కాశీలో బంగారు పిల్లిని దానమివ్వాలని మా నాయనమ్మ చెప్పేది. నవ్వుకోండి, పర్వాలేదు. లావణ్య అయితే రోజూ మందులిస్తుంది, నాకు తెలుసు. ఆ చివరి రోజు మాత్రం నావంతు.

గోదారోడు · ఆదివారం సాయంత్రం 4:20

బావగారూ, మీరు విలన్ కాదు. అందరూ మనసులో అనుకునేది మీరు పైకి అన్నారు. మా ఇంట్లోనూ సంతకం నాదే.

పశువైద్యురాలు_గన్నవరం · ఆదివారం సాయంత్రం 5:35

నవ్వలేదండి. ఆ నాయనమ్మ మాట మా దగ్గరికి వచ్చే ఇళ్ళలో సగంమంది అంటారు. "మీరే ఏదో ఒకటి చెయ్యండి, మేం చెప్పామని మాత్రం రాసుకోకండి" అంటారు. ఇంజెక్షన్ వద్దన్నవాళ్ళు ఆ పిల్లి మూడు రోజులు నీళ్ళు మింగలేక నోరు తెరిచి ఊపిరి పీల్చడం చూసి, నాలుగో రోజు వాళ్ళే వస్తారు. పాపపుణ్యాల సంగతి మీ ఇంటి పెద్దల్ని అడగండి. నొప్పి గురించి మాత్రం నేను చెప్పగలను: ముందు మత్తు ఇస్తారు, అది గాఢనిద్రలోకి జారాకే రెండో మందు.

అయితే ఆ రోజు గురించి ఇవాళే భయపడక్కర్లేదు. ఐరిస్ లెక్కలో (కిడ్నీ జబ్బుని నాలుగు దశలుగా చూసే పద్ధతి) రెండో దశలో ఉన్న పిల్లులు చాలావరకు రెండు మూడేళ్ళు, కొన్ని అంతకంటే ఎక్కువే బతుకుతాయి. కొన్ని కిడ్నీతో కాకుండా వేరే దేనితోనో పోతాయి. నాలుగో దశలో మాత్రం లెక్క నెలల్లోకి వస్తుంది. అందుకే రిపోర్టు అంటున్నాను.

రాఘవ_శాకాహారి · ఆదివారం రాత్రి 8:10

శాకాహారుల ఇల్లు కదా, పెరుగన్నం అలవాటు చెయ్యండి. మా ఊళ్ళో గుళ్ళో పిల్లి ప్రసాదం మీదే పదేళ్ళు బతికింది. ఇప్పుడు వేగన్ క్యాట్ ఫుడ్ కూడా దొరుకుతోంది.

పశువైద్యురాలు_గన్నవరం · ఆదివారం రాత్రి 8:32

గుళ్ళో పిల్లి ప్రసాదం తినేది మీరు చూశారు. గోడవతల ఎలకని తినేది మీరు చూడలేదు.

పిల్లికి టౌరిన్ (మాంసంలో ఉండే ఒక పోషకం) తిండిలోంచే రావాలి, దాని ఒంట్లో సరిపడా తయారు కాదు. అది లోపిస్తే గుండె కండరం పలచబడి సాగిపోతుంది, చూపు పోతుంది. 1987లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాల్ పియాన్ బృందం ఈ సంగతి తేల్చాకే కంపెనీలు టౌరిన్ పెంచాయి. అంతకుముందు డబ్బా తిండి తిన్న పిల్లులు కూడా దీనితో పోయేవి. కిడ్నీ పిల్లికి ప్రయోగాలు అసలే వద్దు. రీనల్ డైట్ అని ఉంటుంది, ఫాస్ఫరస్ తగ్గించి చేస్తారు, అందులోనూ మాంసమే ఉంటుంది. తడి తిండి అయితే నీళ్ళు కూడా లోపలికి వెళ్తాయి.

కామాక్షి_అట్లాంటా · ఆదివారం రాత్రి 9:01

మేమూ గుడ్డు ముట్టని ఇల్లే. పిల్లి తిండి లాండ్రీ గదిలో. దాని చెంచా, దాని గిన్నె, దాని స్పాంజి వేరే. డబ్బా విప్పగానే చేపల వాసన గుప్పుమంటుంది, మొదట్లో ముక్కు మూసుకునేదాన్ని. మిగిలిన సగం డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాలంటే మావారు ఒప్పుకోలేదు, అందుకని చిన్న మూడౌన్సుల డబ్బాలు కొంటున్నాం. పూటకొకటి, మిగలదు, గొడవ లేదు. పూజగదికి తలుపు ఉంటే మంచిది, లేకపోతే వత్తి ఆరిపోయిన కుంది దగ్గర నెయ్యి నాకుతుంది.

అత్తగారు వస్తే కర్పూరం, పెయిన్ బామ్ జాగ్రత్త. బామ్ రాసుకున్న మోకాలు ఇది నాకితే ప్రమాదం.

పశువైద్యురాలు_గన్నవరం · ఆదివారం రాత్రి 9:15

కామాక్షిగారు మంచి మాట గుర్తు చేశారు. దాంతోపాటు పారాసిటమాల్. అది డోలో అయినా టైలెనాల్ అయినా ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్కలకి వాడే పర్మెత్రిన్ గోమారి మందు కూడా అంతే. బొకేల్లో వచ్చే లిల్లీలు ఇంట్లోకి రానివ్వొద్దు, పుప్పొడి ఒంటికి అంటి నాకినా కిడ్నీలు పోతాయి. మనం దండలు కట్టే నేలసంపెంగ గురించి కాదు, ఈస్టర్ లిల్లీ, ఆసియాటిక్ లిల్లీ రకాల గురించి చెప్తున్నాను.

నిర్వాహకుడు · ఆదివారం రాత్రి 9:40

వేగన్ ఫుడ్ మీద వాదన మొదలుపెట్టిన ఏడు సందేశాలు వేరే చర్చకి మార్చాను. ఇక్కడ పీచెస్ సంగతే.

ఆస్టిన్_వాలంటీర్ · సోమవారం ఉదయం 6:55

షెల్టర్‌లో పెద్ద పిల్లుల గది ఊడ్చేవాణ్ణి కాబట్టి రెండు ముక్కలు.

వసంతం నుంచి శరత్తు దాకా టెక్సస్‌లో కూనల కాలం. పెట్టెలకి పెట్టెలు వస్తాయి. ఆ ఆర్నెల్లు పెద్ద పిల్లుల్ని అడిగే నాథుడుండడు. ఇల్లంతా తనదిగా పన్నెండేళ్ళు బతికిన పిల్లి మూడడుగుల బోనులో ముడుచుకుంటే "మంకు పిల్లి" అనుకుంటారు. బోనులో చూసిన గుణాన్ని నూటికి నూరుపాళ్ళు నమ్మకండి, మంచికైనా చెడుకైనా.

మీరు తీసుకోకపోతే చంపేస్తారేమోనన్న భయంతో తీసుకోకండి. నేరుగా అడగండి, చెప్తారు. సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు.

రవిగారి వీసా ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు "ఫోస్టర్ టు అడాప్ట్". పిల్లి మీ ఇంట్లో ఉంటుంది, కాగితం మీద షెల్టర్‌దే. ఆ కొన్ని వారాలు వైద్యం ఖర్చు చాలాచోట్ల షెల్టరే పెట్టుకుంటుంది, కాకపోతే వాళ్ళు చెప్పిన వెట్ దగ్గరికే వెళ్ళాలి. ఇమడకపోతే వెనక్కి ఇవ్వొచ్చు. కొన్ని చోట్ల జబ్బున్న ముసలి పిల్లుల్ని చివరిదాకా ఫోస్టర్‌గానే ఉంచుతారు, మందులు వాళ్ళే ఇస్తారు. మీ షెల్టర్‌లో ఉందో లేదో కనుక్కోండి.

ఎంతకాలం బతుకుతుంది అని ఎవరైనా అడిగితే మా ఊరి క్రీమ్ పఫ్ గురించి చెప్పి ఊరిస్తారు. 1967లో పుట్టి 2005లో పోయింది, 38 ఏళ్ళు, గిన్నిస్ రికార్డు. దాన్ని మీ లెక్కలో వేసుకోకండి.

రవి_ఇర్వింగ్ · సోమవారం ఉదయం 8:20

ఫోస్టర్ అయితే నా అభ్యంతరం చాలావరకు పోయినట్టే. ఇది నాకు తెలియదు.

అయితే ఇండియాకి తీసుకెళ్ళే దారి కూడా ముందే తెలుసుకుని ఉంచండి. పెంపుడు జంతువుని తెచ్చుకోవడానికి నివాసం మార్చుకుని తిరిగొచ్చేవాళ్ళకి అనుమతి ఉంది, ఒక్కొక్కరికి రెండు దాకా. మైక్రోచిప్, రేబిస్ టీకా, ఇక్కడి ప్రభుత్వ పశువైద్య ధ్రువపత్రం, అక్కడి జంతువుల క్వారంటైన్ విభాగం (ఏక్యూసీఎస్) ఎన్‌ఓసీ కావాలి. హైదరాబాద్‌లో కూడా దిగొచ్చు. కానీ కిడ్నీ పిల్లికి అంత ప్రయాణం ఎలా ఉంటుందో డాక్టరమ్మగారే చెప్పాలి.

పశువైద్యురాలు_గన్నవరం · సోమవారం ఉదయం 9:05

రెండో దశలో నిలకడగా ఉంటే వెళ్ళొచ్చు, నీళ్ళు ముఖ్యం. మూడో దశ దాటితే నేను సంతకం పెట్టను.

లావణ్య_ప్లేనో · మంగళవారం సాయంత్రం 6:48

రిపోర్టు పంపారు. క్రియాటినిన్ 2.2, ఎస్‌డీఎంఏ 19, ఫాస్ఫరస్ 4.9, మూత్రం గాఢత 1.019. టీ4 2.4. ఎఫ్ఐవీ, ఫెల్వ్ రెండూ లేవు. బీపీ, మూత్రంలో ప్రోటీన్ చూడలేదట. పాత వెట్ ఫైలు కూడా దొరికింది: ఏడాదిన్నర కిందట బరువు 8.4 పౌండ్లు. లీజులో పిల్లికి అనుమతి ఉంది, రెండొందల డిపాజిట్, నెలకి పాతిక. ఫోస్టర్ టు అడాప్ట్ ఉంది, నెల రోజులు.

పశువైద్యురాలు_గన్నవరం · మంగళవారం రాత్రి 9:30

రెండో దశ. అందులోనూ మధ్యలో ఉంది (క్రియాటినిన్ 1.6 నుంచి 2.8 దాకా రెండో దశ కిందికి వస్తుంది). టీ4 మామూలుగా ఉంది. ఏడాదిన్నరలో అర పౌండు తగ్గడం పళ్ళ నొప్పి వల్ల కూడా కావొచ్చు. ఫాస్ఫరస్ ఈ దశలో 4.6 కంటే కింద ఉండాలి, కాస్త దాటింది. రీనల్ డైట్‌తో దిగే అవకాశం బాగా ఉంది. కొత్త ఇల్లు, కొత్త తిండి రెండూ ఒకేరోజు వద్దు. షెల్టర్‌లో ఏది తింటోందో అదే తెచ్చుకుని, రెండు వారాల తర్వాత కొద్దికొద్దిగా కలపండి.

బీపీ, ప్రోటీన్ ఈ నెలలోనే షెల్టర్ ఖర్చు మీద చేయించండి. ప్రోటీన్ నిష్పత్తి 0.4 దాటితే మందు మొదలుపెట్టాలి. ఈ రెండూ బాగుంటే నేనైతే తెచ్చుకుంటాను. బీపీ ఎక్కువగా ఉన్నా తెచ్చుకుంటాను. ప్రోటీన్ బాగా ఎక్కువగా ఉంటే మాత్రం ఫోస్టర్‌గానే ఉంచుకోమంటాను.

మాధవి_మెల్‌బోర్న్ · మంగళవారం రాత్రి 10:12

ఈ అంకెలతో అయితే నేనూ వద్దనను. ఇన్సూరెన్స్ బదులు నెలకి 75 డాలర్లు వేరే ఖాతాలో వెయ్యండి. పాపకి మాత్రం ఇప్పుడే చెప్పండి, "ఇది మనతో ఎక్కువ కాలం ఉండకపోవచ్చు" అని. జబ్బు దాచిపెట్టి తర్వాత చెప్తే ఆ పిల్ల మిమ్మల్ని నమ్మదు.

ప్లేనో_మొగుడు · బుధవారం ఉదయం 7:30

నిన్న పాపకి నేనే చెప్పాను. "రెండేళ్ళే ఉంటే, ఆ రెండేళ్ళు ఎక్కడుంటే బాగుంటుంది నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. శనివారం తెస్తున్నాం. ఫోస్టరే, ఇంకా ఖాయం కాదు. బంగారు పిల్లి ధర కనుక్కుంటున్నాను.

గోదారోడు · బుధవారం ఉదయం 7:44

బావగారూ, తులం రేటు చూస్తే పళ్ళు పీకించడమే చవక.

లావణ్య_ప్లేనో · తర్వాతి సోమవారం రాత్రి 9:55

వచ్చింది. శనివారం మధ్యాహ్నం నుంచి మంచం కింద. నిన్నంతా తిండి ముట్టలేదు. రాత్రి మేం పడుకున్నాక నీళ్ళు తాగినట్టుంది. ఇవాళ పొద్దున రెండు చెంచాలు తింది. కంగారు పడాలా?

పశువైద్యురాలు_గన్నవరం · సోమవారం రాత్రి 10:20

దాక్కోవడం గురించి కంగారు వద్దు, కొన్ని వారం దాకా బయటికి రావు. తిండి గురించి మాత్రం గడియారం చూసుకోండి. పిల్లి రెండు రోజులు పూర్తిగా తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయానికి చేరి అది పెద్ద జబ్బవుతుంది. రెండు చెంచాలు తిన్నది కాబట్టి రేపు మధ్యాహ్నం దాకా చూడండి. తిండిని కొంచెం వెచ్చబెట్టి, వాసన వచ్చాక మంచం దగ్గర పెట్టి మీరు బయటికి వచ్చేయండి. అప్పటికీ తినకపోతే షెల్టర్ వెట్‌కి ఫోన్ చేసి మిర్టాజపిన్ అడగండి, చెవికి రాసే ఆయింట్‌మెంట్. ఆకలి పుట్టిస్తుంది.

ఆస్టిన్_వాలంటీర్ · సోమవారం రాత్రి 10:41

లిట్టర్ బాక్స్ గోడ ఎత్తు ఎంత? ఎత్తుగా ఉంటే ముసలి మోకాళ్ళకి ఎక్కడం కష్టం, పక్కన పోసేస్తుంది, మనం మొండితనం అనుకుంటాం. పన్నెండు దాటిన పిల్లుల ఎక్స్‌రేలు చూసిన 2002 నాటి అధ్యయనంలో పదింట తొమ్మిదింటికి కీళ్ళ అరుగుదల కనిపించింది. ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బా కొని ఒక పక్క నాలుగంగుళాల ఎత్తుకి కోసేయండి, అంచు చేతికి గీరుకోకుండా టేపు వెయ్యండి.

లావణ్య_ప్లేనో · మూడు వారాల తర్వాత, గురువారం రాత్రి 8:30

బీపీ 148, ప్రోటీన్ నిష్పత్తి 0.15. ఇవాళ అడాప్షన్ కాగితాల మీద సంతకం అయింది. పెట్టింది ఆయనే. పీచెస్ ఇప్పుడు ఆయన ల్యాప్‌టాప్ ఛార్జర్ మీదే పడుకుంటోంది, ఆఫీసు కాల్స్‌లో తోక కనిపిస్తోందట.

ఇక పళ్ళు. వెట్ రెండు దంతాలు పీకాలంటున్నారు, మొత్తం 1,150 డాలర్ల అంచనా. కిడ్నీ పిల్లికి మత్తు ఇవ్వొచ్చా? ఆయనకి డబ్బు భయం తగ్గింది, మత్తు భయం పట్టుకుంది.

పశువైద్యురాలు_గన్నవరం · గురువారం రాత్రి 10:05

రెండో దశలో, ఈ బీపీతో ఇవ్వొచ్చు. ఆ పళ్ళు అలాగే ఉంటే తినడం తగ్గుతుంది, బరువు పోతుంది, అది కిడ్నీకి ఇంకా చెడ్డది. మీ వెట్‌ని ఇవి అడగండి: ఆపరేషన్ ముందు, జరుగుతుండగా సెలైన్ ఎక్కిస్తారా, మత్తులో ఉన్నంతసేపూ బీపీ చూసే మనిషి విడిగా ఉంటారా, పళ్ళ ఎక్స్‌రే తీస్తారా, తర్వాత నొప్పికి ఏం ఇస్తారు. మెలాక్సికామ్ అంటే ఎన్ని రోజులు, ఎంత మోతాదు అని గుచ్చి అడగండి, బుప్రెనార్ఫిన్ అంటే నిశ్చింత. ముందురోజు రాత్రి నీళ్ళు తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోకండి, కిడ్నీ పిల్లికి నీళ్ళు ఉండాలి. పొద్దున మొదటి ఆపరేషన్ దీనిదే పెట్టమనండి.

ప్లేనో_మొగుడు · గురువారం రాత్రి 10:18

రాసుకున్నానండి. మంగళవారం ఎనిమిదింటికి అపాయింట్‌మెంట్. సెలవు నేను పెడుతున్నాను.